ఇంటి వెలిగోడలకు రంగు: మనమే వేయవలెనా, పనివారిచే వేయింపవలెనా?

ఆశ్వయుజమాసము వచ్చి వానలు వెనుకబట్టగానే నిజామాబాదు పట్టణమున ఏ వీథిని పోయినను ఏదో యొక యింటిగోడకు నిచ్చెన చేర్చియుండుట కనబడును. కొందరు దసరాకును, కొందరు దీపావళికిని, కొందరు క్రిస్మసుకును, కొందరు సంక్రాంతికిని తమ యిండ్లను తెల్లబరచుకొందురు. బోధను, ఎడపల్లి, రెంజలు వైపు పల్లెలయందును ఇదియే కాలము. ఈ దినములలోనే మా విద్యార్థుల తండ్రులు కొందరు పాఠశాలకు వచ్చినపుడు, రుసుము సంగతి ముగిసిన పిమ్మట, వెళ్ళబోవుచు నిలిచి మమ్ము ఒక ప్రశ్న యడుగుచుందురు: “సారూ, రంగుపనివారు చాల అడుగుచున్నారు. పెద్దవాడు ఇంటనే యున్నాడు. మేమే వేసికొనరాదా?”

ఉపాధ్యాయుని ఇట్టి విషయ మడుగుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఇందు క్షేత్రగణితము కలదు, రసాయనశాస్త్రము కలదు, ఈ రెంటికంటెను మిన్నగా ప్రాణముతోడి వ్యవహారము కలదు. కావున ఒక్కొక్కరికి వాకిట నిలిచి చెప్పుటకంటె ఈ సంచికలో విపులముగా వ్రాయుట మేలని తలచితిమి.

బోధను ప్రాంతమున ఈ ప్రశ్నకు మరియొక బరువు కూడ కలదు. 1937లో స్థాపింపబడి, ఒకనాడు ఆసియాఖండములోని పెద్ద చక్కెర కర్మాగారములలో నొకటిగా పేరొందిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరు నెలలో మూతపడెను. నెలజీతమును నమ్ముకొనియున్న కుటుంబములు పలువిధములైన పనులలోనికి చెదరినవి. అట్టి యిండ్లలో వెలిగోడకు రంగు వేయించుట యనగా పిల్లవాని చదువునకో, ఆడపిల్ల పెండ్లికో దాచిన సొమ్ములో కొంత తీయుటయే. కూలి మిగుల్చుకొనవలెనను కోరిక పిసినితనము కాదు. దానిని మేము తప్పుపట్టము. మేము తప్పుపట్టునది లెక్క చేయు క్రమమును మాత్రమే. జనులు మొదట “ఎంత ఖర్చగును?” అని యడిగి, పిదప రంగు నెన్నుకొని, చిట్టచివరకు నిచ్చెన యెక్కునపుడుగాని గోడను చూడరు. మొదట గోడ యెట్లున్నదో చూడవలెను; పిదప అది యెంత యెత్తున్నదో చూడవలెను; సొమ్ము సంగతి ఆ తరువాత. ఈ క్రమమున చూచినచో చాల యిండ్లలో ప్రశ్నకు జవాబు దానియంతట అదియే తేలిపోవును.

గోడను గూర్చి చెప్పుటకు ముందు దానిపై వేయు పదార్థములను గూర్చి కొంత తెలిసికొనవలెను. మన తాతల నాటినుండి వచ్చుచున్నది సున్నము. సున్నపురాతిని బట్టీలో ఎఱ్ఱగా కాల్చినపుడు అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి కాల్చిన సున్నము మిగులును. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాల్చినచో సున్నము 56 కిలోలు మాత్రమే చేతికి వచ్చును. తక్కిన 44 కిలోలును వాయువుగా పోవును. ఆ సున్నముపై నీరు పోయగా అది బుసబుస పొంగి వేడెక్కి తడిసున్నమగును. దానినే పలుచన చేసి గోడకు పూయగా అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మరల మెల్లమెల్లగా పీల్చుకొని మొదటి రాయిగానే మారును. కొండలోని రాయి కాలి, కరగి, మన గోడమీద తిరిగి రాయియగుచున్నదన్నమాట. తొమ్మిదవ తరగతి బాలురకు ఈ మార్పును నల్లబల్లపై సమీకరణముగా వ్రాసి చూపుటకంటె, వెల్లవేసిన గోడయొద్దకు తీసికొనిపోయి చూపుట మాకు సులభముగా నున్నది.

సున్నపు పని సులభమైనది. కాల్చిన సున్నమును ఒకటి రెండు దినములు నీట నాననిచ్చి, గుడ్డతో వడియగట్టి, పాలవలె పలుచన చేసి, కొంచెము బంకయు, గుప్పెడు ఉప్పును, తెలుపు తేరుటకు ఇంచుక నీలిమందును కలుపుదురు. గోడను ముందుగా తడిపి పలుచని పూతలు రెండు మూడు వేయవలెను. తడిగా నున్నపుడు పూత కనబడనే కనబడదు. క్రొత్తవారు ఇది చూచి చాలలేదని భ్రమించి చిక్కగా పూయుదురు. చిక్కని సున్నము ఆరిన పిమ్మట పెచ్చులుగా రాలును. మన ప్రాంతమున గోడ అడుగుభాగమునకు జాజు పూయుట కలదు గదా. దానికిని ఈ పలుచదనమే మేలు.

చక్కెరసీమవారికి సున్నము క్రొత్తచుట్టము కాదు. చెరకురసమును తేర్చుటకు కర్మాగారములలో సున్నపుపాలు కలుపుదురు. రసములోని మలినములు అడుగంటును. దీనికి తారుమారుగా, పూర్వము గచ్చుపని చేయువారు సున్నములో బెల్లపునీరును కరక్కాయ కషాయమును కలుపుచుండిరి. చక్కెర కలసిన నీటిలో సున్నము వట్టి నీటిలోకంటె ఎక్కువగా కరగును. అందువలన ఆ గచ్చు గట్టిపడెడిది. ఒకచోట సున్నము బెల్లమునకు సేవచేయగా మరియొకచోట బెల్లము సున్నమునకు సేవచేసినది. ఇది ప్రసంగవశమున చెప్పితిమి.

సున్నము తరువాత వచ్చినది సిమెంటు రంగు. పొడిని నీట కలిపిన పిమ్మట కొద్ది కాలములోనే వాడివేయవలెను. పూసిన మరునాటినుండి రెండుమూడు దినములు నీరు చల్లవలెను. లేనిచో చేతికి పిండివలె అంటును. నేడు ఎక్కువగా వాడుకలో నున్నది ఎమల్షను అను నీటిరంగు. ఇందు జిగురుపదార్థము మిక్కిలి చిన్న కణములుగా నీటిలో తేలుచుండును. నీరు ఆవిరియైపోగా ఆ కణములు ఒకదానితో నొకటి అతుకుకొని పొరయగును. ఎండలో మాడుచున్న గోడపై పూసినచో నీరు తటాలున ఎగిరిపోయి కణములు సరిగా అతుకుకొనవు. అందుచేత ప్రొద్దుట పడమటి గోడను, మధ్యాహ్నము దాటిన పిమ్మట తూర్పు గోడను పట్టుకొనవలెను. అనగా నీడ ననుసరించి ఇంటిచుట్టు తిరుగవలెను. మన వేసవి యెండలలో ఈ పని పెట్టుకొనకుండుటయే మంచిది.

ఇచ్చట ఒక ముఖ్యమైన మాట చెప్పవలసియున్నది. ఏండ్ల తరబడి సున్నము వేసిన గోడపై తిన్నగా ఎమల్షను పూయరాదు. క్రిందనున్న సున్నపుపొర పొడిపొడిగా నుండుటచే పైపొర దానితోకూడ ఊడివచ్చును. పాత సున్నమునంతను గీకి, కడిగి, ఆరనిచ్చి, ప్రైమరు వేసి, అటుపిమ్మట రంగు వేయవలెను. ఈ గీకుటయే అసలు పని. అట్లే ఎమల్షను పొరపై సున్నము నిలువదు. ఇక మట్టిగోడలు, పాత గచ్చు గోడలు గల యిండ్లకు సున్నమే తగినది. ఆ గోడలు లోని చెమ్మను వెలికి విడుచుచుండును. ఎమల్షను పొర ఆ దారిని మూసివేయగా చెమ్మ లోపలనే నిలిచి గోడను తినును. మేలురకమని ఎక్కువ సొమ్ము పెట్టి ఇంటికి కీడు తెచ్చుకొనుట ఇట్టిచోటనే జరుగుచున్నది.

ఇప్పుడు గోడ సంగతి. అరచేతితో గోడను రాచి చూడుము. తెల్లని పొడి దట్టముగా అంటినచో పాతపూత పట్టువిడిచినదని తెలియును. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల ప్లాస్టిక్కు కాగితమును నాలుగంచులను మూసి గోడకు అంటించి, ఒక రాత్రి గడచిన పిదప తీసి చూడుము. లోపలివైపున నీటిబిందువులున్నచో గోడలో చెమ్మ యున్నది. 1923 నుండి 1931 వరకు కట్టబడిన నిజాంసాగరు జలాశయపు కాలువలు పారు మాగాణి నడుమ కట్టిన యిండ్లలో పునాదినుండి చెమ్మ పైకి ప్రాకుట సాధారణము. నేలనుండి రెండుమూడు అడుగుల యెత్తున తెల్లని ఉప్పు పూయుట దీనికి గుర్తు. ఆ ఉప్పును పొడికుంచెతో దులిపివేయవలెనే గాని నీటితో కడుగరాదు. కడిగినచో అది కరగి మరల గోడలోనికే పోవును. చెమ్మ వచ్చు మూలమును, అది పగిలిన గొట్టము కానిండు, పిట్టగోడ మీది బీట కానిండు, సజ్జపై నిలిచిన నీరు కానిండు, కనుగొని మాన్పనిదే ఎంతటి వెలగల రంగు వేసినను రెండు వానకాలములు నిలువదు.

బీటలను గూర్చియు రెండు మాటలు. బోధను చుట్టునున్న నల్లరేగడినేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొనిపోవును. దానిపైనున్న గోడలు ప్రతి సంవత్సరము ఇంచుక కదలుచునే యుండును. వెండ్రుకవాసి బీటలను లప్పముతో పూడ్చవచ్చును. కాని కిటికీమూలనుండి ఏటవాలుగా సాగుచు, కాసు దూరునంత వెడల్పైన బీట రంగుపనివాని చేతిలోనిది కాదు. మంచి మేస్త్రీకి చూపవలెను. నాచు పట్టినచోట బ్లీచింగు పొడి కలిపిన నీటిని పూసి, మరునాడు బాగుగా కడిగి ఆరనీయవలెను. ఆ నీటిలో మరుగుదొడ్డి కడుగు యాసిడ్డును ఎన్నడును కలుపరాదు. వెలువడు క్లోరిను వాయువు ఊపిరితిత్తులను కాల్చును.

క్రొత్త గిలాబు వేసిన గోడకు కనీసము నాలుగు వారములు గడువనిదే ఎమల్షను వేయరాదు. సిమెంటులోని క్షారము రంగును చెరచును. ఆ క్షారమున్నదా లేదా యని చూచుటకు మన అంగడి సరకే చాలును. పసుపునీట ముంచి నీడను ఆరబెట్టిన తెల్లకాగితపు ముక్కను తడిపిన గోడకు ఒత్తి చూడుము. అది ఎఱ్ఱబారినచో క్షారమున్నదని అర్థము. పసుపు సున్నము కలసిన ఎఱ్ఱనగుట మన యిండ్లలో పారాణి చేయునపుడు ఎవరు చూడనిది? అయితే కొద్దిపాటి క్షారమునకును పసుపు ఎఱ్ఱబారును. కావున ఎఱ్ఱదనము ముదురుగా నున్నదా, లేతగా నున్నదా యని కూడ గమనింపవలెను. ముదురుగా నున్నచో మరి కొన్నాళ్ళు ఆగవలెను.

గోడ పరీక్ష ముగిసినది. ఇక ఎత్తు. మేము ఈ వ్యాసము వ్రాయుట ముఖ్యముగా దీనికొరకే.

నేలమీద నిలిచి, పొడుగాటి కఱ్ఱకు కట్టిన రోలరుతో అందుకొనగల గోడ యేదైనను ఇంటివారు తామే వేసికొనవచ్చును. ప్రహరీగోడ, వరండా, మెట్ల ప్రక్కలు, మేడలేని చిన్న యింటి గోడలు ఈ కోవలోనివి. ఇందు పనితనము కొంత తక్కువైనను అపాయము లేదు. రెండవ పూత నాటికి చేయి తిరుగును. కాని పాదములు నేల విడిచినది మొదలు లెక్క మారును. ఆరడుగుల యెత్తునుండి పడినవాడును తల నేలకు తగిలి చనిపోవచ్చును. పది, పండ్రెండడుగులు మనకు తక్కువ యెత్తుగా కనబడుచున్నవి. ఏలయన అనుదినము వానిని క్రిందనుండి చూచుచున్నాము.

నిచ్చెన యెక్కక తప్పనిచో కొన్ని నియమములు కలవు. నిచ్చెన గోడను తాకుచోటు నాలుగడుగుల యెత్తుండిన, దాని పాదము గోడకు ఒక అడుగు దూరమున నుండవలెను. ఎనిమిదడుగులైన రెండు, పండ్రెండడుగులైన మూడు. ఇంతకంటె దగ్గరగా పెట్టిన వెనుకకు ఒరుగును. దూరముగా పెట్టిన పాదము జారును. చివరి మూడు మెట్లపై నిలువరాదు. క్రింద ఒకడు పట్టుకొనియుండవలెను. వాడు ఫోను చూచుచు పట్టుకొనరాదు. నడుము నిచ్చెన దాటి ప్రక్కకు వ్రాలునట్లు చేయి చాపరాదు; దిగి నిచ్చెనను జరుపవలెను. పడువారిలో చాలమంది ఆ చివరి జానెడు గోడకొరకే పడుచున్నారు. మఱియు మన వీథులలో కరెంటుతీగలు పిట్టగోడలకు ఎంత చేరువగా పోవుచున్నవో చూడుము. అల్యూమినియము నిచ్చెనయు, రోలరునకు తగిలించు లోహపుగొట్టమును ఆ తీగలకు దగ్గరగా కొనిపోవుట మృత్యువును పిలుచుటయే. తీగ దగ్గరగా నున్నచోట విద్యుచ్ఛాఖవారికి తెలిపి, సరఫరా ఆపించిన పిమ్మటగాని పని మొదలుపెట్టరాదు.

మేడయిల్లైనచో నిచ్చెనతో పని కాదు, పరంజా కట్టవలెను. దానిని ఇంటివారు కట్టుకొనుట మేము ఎంతమాత్రము ఒప్పము. ఇది పనివారికే ఈయవలసినది.

కాని పని వారికి ఇచ్చినంతమాత్రమున ఆపద తొలగిపోయినదని తలపరాదు. అది మన దేహము విడిచి పరుని దేహముపైకి మారినది, అంతియే. పిట్టగోడనుండి దించిన త్రాటికి పలక కట్టి, దానిపై కూర్చుండి, నడుమునకు మరి యే త్రాడును లేక రంగు వేయుచున్న యువకుని మన పట్టణమున ఎవరైనను చూడవచ్చును. మన జిల్లానుండి గల్ఫు దేశములకు పోయి కట్టడపు పనులు చేసి వచ్చినవారు చాలమంది కలరు. అచ్చట బెల్టు లేనిదే తమ్ము పైకి ఎక్కనీయలేదని వారిలో కొందరు మాతో చెప్పిరి. వారే ఇచ్చటికి వచ్చి ఒట్టినడుముతో ఎక్కుచున్నారు. ఎందుకని యడిగినచో, బెల్టు అడిగిన యజమాని మరియొకని పిలుచుకొనునని చెప్పుదురు. ఇందు తప్పు వారిదని మేము అనజాలము. తక్కువ ధర చెప్పినవానినే పిలుచు మనము, ఆ తగ్గిన ధర యెచ్చటనుండి తగ్గినదో యడుగకున్నాము.

కావున గుత్త మాటలాడునపుడు ధరతోపాటు ఈ క్రింది సంగతులు ముందే తేల్చుకొనవలెను. పరంజా యెవరు తెత్తురు? నడుముబెల్టు, దానిని కట్టుటకు వేరు త్రాడు ఉన్నవా? లేనిచో కొనుటకు మనమే కొంత ఈయవలెను. ఆ ఖర్చు రంగుడబ్బాల వెలతో పోల్చిన చాల స్వల్పము. పాతపూతను గీకుట, లప్పము, ప్రైమరు, రెండు పూతలు ఇవి యన్నియు చెప్పిన ధరలో చేరియున్నవా, లేక గీకుడు వేరా? రంగు మనము కొనవలెనా, వారు తెత్తురా? వారే తెచ్చినచో మూత మన యెదుట విప్పవలెను. బయానా కొంత, సగము పని యైన పిదప కొంత, మొత్తము చూచుకొనిన పిదప మిగిలినది ఇచ్చునట్లు కాగితముపై వ్రాసికొనుట ఇరుపక్షములకును మేలు. చదరపు అడుగు లెక్కన మాటలాడినచో కొలత యెట్లు తీయుదురో, కిటికీలను తీసివేయుదురో లేదో కూడ అడుగవలెను. తగవులన్నియు ఇచ్చటనే పుట్టుచున్నవి.

వచ్చిన పనివారిని మరియొక ప్రశ్న కూడ అడుగుడు: కార్మికశాఖ యొద్ద పేరు నమోదైనదా? చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండి 60 దాటనివారు, గడచిన సంవత్సరములో 90 దినములు ఇట్టి పని చేసియుండినచో, సంక్షేమమండలియందు చేరవచ్చును. పనిలో ప్రమాదము జరిగిన వారికిగాని వారి కుటుంబమునకుగాని సహాయము పొందు మార్గము దీనివలన ఏర్పడును. చాలమందికి ఈ సంగతి తెలియదు. తెలిసినను కాగితము నింపుటకు జంకుదురు. పై తరగతుల విద్యార్థి యొకడు అరగంట కూర్చుండి నింపి పెట్టవచ్చును.

విద్యార్థుల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. సెలవులలో మా బాలురు కొందరు రంగుపనికి పోవుచున్నారని మేమెఱుగుదుము. ఇంటి యవసరము అట్టిది కావచ్చును. పదునాలుగేండ్ల లోపువారిని కూలికి పెట్టుట 2016 నాటి చట్టసవరణతో అన్ని పనులయందును నిషేధింపబడినది. అంతకు పెద్దవారైనను, పదునెనిమిది నిండనివానిని, వాడు మన యింటి పిల్లవాడైనను సరే, పరంజా యెక్కింపరాదని మా మాట. “పెద్దవాడు ఇంటనే యున్నాడు” అను తండ్రికి మా జవాబు ఇదియే: వాడు క్రింద నిలిచి గీకవచ్చును, కలుపవచ్చును, ప్రహరీగోడ యంతయు వేయవచ్చును, పైకి మాత్రము వద్దు.

సున్నముతో పనిచేయు పిల్లలకు ఇంకొక హెచ్చరిక. పొంగుచున్న సున్నము చిటపటలాడి కంట పడవచ్చును. తడిసున్నమైనను కంటిపొరను కాల్చును. కంట పడిన మరుక్షణమే, నలుపక, మంచినీటి ధారతో తక్కువపక్షము ఇరువది నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. పులుపు సున్నమును విరుచునని నిమ్మరసము పిండుట మిక్కిలి హాని.

తలుపులు, కిటికీ ఊచలు, ఇనుప గేటు మొదలగువానికి పూర్వము వేసిన ఎనామిలు రంగులను గూర్చి తెలియవలసినది కూడ కలదు. అట్టి పాత రంగులలో చాలవానియందు సీసము కలియుచుండెను. ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకంటె మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. కావున అంతకు పూర్వపు పొరలను పొడిగా ఉప్పుకాగితముతో రుద్దినచో లేచు ధూళి పసిపిల్లల మెదడునకు చేటు. ఎంత కొద్దిదైనను హానిలేని సీసపు మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. తడిపి రుద్దవలెను, ముక్కునకు మంచి ముసుగు కట్టుకొనవలెను, రాలిన పొడిని తడిగుడ్డతో ఎత్తివేయవలెను, ఆ దినము చిన్నపిల్లలను చుట్టముల యింటికి పంపవలెను.

చివరకు సొమ్ము లెక్క. ఇది మా బాలురు చేయదగినది. ముప్పది అడుగుల పొడవు, ఇరువదినాలుగు అడుగుల వెడల్పు, పది అడుగుల యెత్తు గల యిల్లొకటి యున్నదనుకొనుడు. చుట్టుకొలత 108 అడుగులు; గోడల వైశాల్యము 1,080 చదరపు అడుగులు. తలుపులకు, కిటికీలకు 120 తీసివేయగా 960. మూడడుగుల పిట్టగోడ వెలుపలివైపు 324. మొత్తము 1,284 చదరపు అడుగులు. సాధారణపు ఎమల్షను లీటరొకటికి రెండు పూతలకు 50 మొదలు 60 చదరపు అడుగుల వరకు వచ్చుననుకొన్నచో 22 మొదలు 26 లీటర్లు కావలెను. గరుకుగోడ మరికొంత త్రాగును. డబ్బాపై వ్రాసిన సంఖ్య నునుపైన గోడకు చెప్పినదని మరువరాదు. దీనికి ప్రైమరు, లప్పము, ఉప్పుకాగితములు, కుంచెలు, రోలర్లు కలుపుడు. ఈ సామగ్రి వెల మనమే వేసికొన్నను, వేయించుకొన్నను ఇంచుమించు ఒక్కటే. క్రొత్తవాడు నేలపాలు చేయు రంగు కొంత యెక్కువ. కుంచెలు, రోలర్లు పనివారి యొద్ద ఉండనే యుండును. కావున నిజముగా మిగులునది కూలి మాత్రమే. అందులోనుండి మనము మానుకొనవలసిన దినముల సంపాదన తీసివేయవలెను. మా యెఱుకలో, గీకుటయు కడుగుటయు కలుపుకొని, ఇట్టి యింటికి అలవాటులేని ఇద్దరికి పదిదినములకు తక్కువ పట్టదు. దినకూలిపై బ్రదుకువానికి ఈ లెక్కలో మిగులు కనబడదు. సెలవులున్న ఉద్యోగికి కనబడును.

మేము చాలమందికి చెప్పుచున్నది నడిమి మార్గము. గోడను గీకుట, కడుగుట, ఉప్పు దులుపుట, నేలనుండి అందినంతవరకు లప్పము పెట్టుట ఇంటివారు చేసికొనవలెను. కూలిలో పెద్దభాగము ఈ సిద్ధపరచుటకే పోవుచున్నది. గుత్తపనివాడు తొందరలో ఎగవేయునదియు ఇదియే. ఇంటివాడు తన గోడగనుక శ్రద్ధతో చేయును. తరువాత తలకు మించిన యెత్తునంతయు నేర్పరులకు ఇచ్చి, క్రిందిభాగమును మనము పూర్తిచేసికొనవచ్చును. ఇట్లు చేయుటకు ఒప్పుకొను మేస్త్రీలు తక్కువ. తాము ముట్టని గోడకు తాము పూచీపడమందురు. అది న్యాయమే. గోడ సిద్ధమైన పిదప వారికి చూపి, ఔననిపించుకొని, పిమ్మట గుత్త మాటలాడవలెను.

పని ముగిసిన దినమున డబ్బామూతపైనున్న రంగు సంఖ్యను, కొన్న తేదీని తలుపు వెనుక పెన్సిలుతో వ్రాసిపెట్టుకొనుడు. మిగిలిన అరలీటరును మూత బిగించి నీడలో దాచుడు. సంక్రాంతినాటికి బండి తగిలియో, పిల్లవాడు బంతి కొట్టియో గోడపై మచ్చ పడక మానదు. అప్పుడు ఆ సంఖ్య లేనిచో అంగడివాడు చూపు నూరు తెలుపులలో మన తెలుపు ఏదియో తెలియదు.